మంచు చూడటానికి వెళ్తున్నారా? మంచు చరియల హెచ్చరిక ఎక్కడ దొరుకుతుంది, ఎలా చదవాలి?

చలికాలంలో సూర్యాపేట, కోదాడ వాళ్లకు మంచు అంటే 65వ నంబరు జాతీయ రహదారి మీద తెల్లవారుజామున కమ్ముకునే పొగమంచు. మిర్యాలగూడ రైతుకు మంచు అంటే నారుమడి మీద పొద్దున్నే మెరిసే చుక్కలు. మనాలి వెళ్లొచ్చిన వాళ్లకు మంచు అంటే ముద్దలు చేసి విసురుకునే తెల్లటి పొడి. తెలుగులో అన్నిటికీ ఒకటే మాట.

అక్కడివరకు ఇబ్బంది లేదు. ఇబ్బంది ‘హిమపాతం’ అనే మాట దగ్గర వస్తుంది. ఆకాశం నుంచి మంచు కురిసినా హిమపాతం అనే రాస్తున్నాం. కొండ వాలు మీద పేరుకున్న మంచు ఒక్కసారిగా విరిగి కిందికి దూకినా హిమపాతం అనే రాస్తున్నాం. మొదటిది ఫొటోలు దిగే సంగతి. రెండోది ప్రాణాలు తీసే సంగతి. అందుకే ఈ కథనంలో రెండోదాన్ని ‘మంచు చరియ’ అని పిలుద్దాం. ఇంగ్లిష్ వార్తల్లో, బులెటిన్లలో దాన్నే ‘అవలాంచ్’ అంటారు.

డిసెంబరు నుంచి మార్చి వరకు మనాలి, గుల్మార్గ్, సోన్‌మార్గ్ ప్యాకేజీల మీద వెళ్లే కుటుంబాలు, ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ లాంటి చలికాలపు ట్రెక్‌లకు వెళ్లే కుర్రాళ్లు మన పట్టణాల్లోనూ ఉన్నారు. టికెట్లు, హోటల్, స్వెటర్లు అన్నీ చూసుకుంటారు. ఆ వారం ఆ కొండల మీద మంచు ఎంత నిలకడగా ఉందో చెప్పే ప్రభుత్వ హెచ్చరిక ఒకటి ఉందని మాత్రం చాలామందికి తెలియదు. అది ఉచితం. ఫోన్‌లోనే చూడొచ్చు. అయితే చదవడం తెలియాలి.

హెచ్చరిక వచ్చాక ఏం జరిగింది?

2025 ఫిబ్రవరి 28. ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లా, బద్రీనాథ్ దాటాక వచ్చే మాణా గ్రామం. ఎత్తు సుమారు 3,200 మీటర్లు. తెల్లవారుజామున సరిహద్దు రోడ్ల సంస్థ క్యాంపు మీద మంచు చరియ పడింది. కంటైనర్లలో, షెడ్డులో ఉన్న 54 మంది కార్మికులు చిక్కుకున్నారు. సైన్యం, ఐటీబీపీ, విపత్తు బృందాలు 46 మందిని ప్రాణాలతో కాపాడాయి. ఎనిమిది మంది చనిపోయారు.

అంతకు ముందు రోజు సాయంత్రమే హెచ్చరిక వెలువడింది. చమోలీతో పాటు ఉత్తరకాశీ, రుద్రప్రయాగ్, పిథోరాగఢ్, బాగేశ్వర్ జిల్లాల్లో 2,400 మీటర్లకు పైన 24 గంటల పాటు మంచు చరియల ప్రమాదం ఉందని అందులో ఉంది. అంటే చోటు, ఎత్తు, సమయం మూడూ చెప్పారు. మూడూ సరిపోయాయి.

రెండేళ్ల ముందు, 2023 ఏప్రిల్ 4న సిక్కింలో గ్యాంగ్‌టక్ నుంచి నాథులా వెళ్లే రోడ్డు మీద చరియ పడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. వాళ్లు ట్రెక్కర్లు కారు, మంచులో ఆడుకోవడానికి కారు దిగినవాళ్లు. పాసులు ఇచ్చింది 13వ మైలు వరకేనని, పర్యాటకులు 15వ మైలు దాకా వెళ్లారని అధికారులు చెప్పారు.

ఈ రెండు ఘటనలు ఒక అపోహను తీసేస్తాయి. చరియ ప్రమాదం ఎవరెస్ట్ ఎక్కేవాళ్లకు మాత్రమే ఉండేది కాదు. రోడ్డు పక్కన నిలబడ్డా, కొండ కింద పడుకున్నా ఉంటుంది.

కొండ మీద ఏం జరుగుతోందో కింద ఉన్నవాళ్లకు తెలియకపోవడం ఎంత ఖరీదైందో మన వాళ్లకు ఒకసారి అనుభవమే. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు, ఎగువన లార్జి డ్యాం నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. అది నీరు, ఇది మంచు. పైనుంచి వచ్చేది కిందికి ముందు కనిపించదన్న విషయం మాత్రం రెండింటికీ ఒకటే.

మంచు చరియ అసలు ఎలా కదులుతుంది?

మార్కెట్ యార్డులో వడ్ల కుప్ప చూసిన వాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. కుప్ప మీద వడ్లు పోస్తూ ఉంటే ఒక వాలు వరకు నిలుస్తాయి. ఆ తర్వాత ఇంకో గంప పోస్తే పక్కల నుంచి జారిపోతాయి. తాజా మంచు కూడా ఇలాగే ఒక చోట మొదలై కిందికి వెడల్పవుతూ జారుతుంది. ఇది మొదటి రకం. మనుషులను ఎక్కువగా చంపేది ఇది కాదు.

రెండో రకాన్ని పలక చరియ అనుకోవచ్చు. ఏటవాలు గచ్చు మీద వడ్లు పలుచగా పరిచి, వాటి మీద పెద్ద చెక్క పలక పెట్టారనుకోండి. పలక చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. కింద వడ్లు మాత్రం ఎటైనా దొర్లే గింజలు. మీరు పలక మీద కాలు పెట్టగానే మొత్తం పలక ఒకేసారి జారుతుంది. మీరు దాని అంచున కాదు, మధ్యలో నిలబడి ఉంటారు.

కొండ మీద జరిగేదీ ఇదే. చలికాలం మొదట్లో పడిన పలుచటి మంచు, చలి రాత్రుల్లో చక్కెర పలుకుల్లాంటి వదులు గింజలుగా మారుతుంది. తర్వాత కురిసిన మంచును గాలి తోసి, అణిచి, గట్టి పలకలా చేస్తుంది. బలహీనమైన పొర కింద, బరువైన పొర పైన. పైనుంచి చూస్తే తెల్లగా, చదునుగా, అందంగా ఉంటుంది. కింది పొర కంటికి కనిపించదు.

పలక చరియ విరిగాక కొద్ది సెకన్లలోనే వేగం అందుకుంటుంది. గంటకు వంద కిలోమీటర్లు దాటడం మామూలే. పరుగెత్తి తప్పించుకోవడం కుదరదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. రోడ్లకు దూరంగా తిరిగే ట్రెక్కర్లు, స్కీయర్లు చనిపోయిన ఘటనలను యూరప్, ఉత్తర అమెరికాల్లో పరిశీలిస్తే, పదింట తొమ్మిది సార్లు ఆ చరియను కదిలించింది బాధితుడో, అతని బృందంలోని మనిషో. అంటే ఇది పిడుగులా మీద పడే విధి కాదు. ఏ వాలు మీద ఎప్పుడు కాలు పెడుతున్నాం అన్న నిర్ణయం మీద ఆధారపడినది.

ఎంత వాలు ఉంటే ప్రమాదం?

చాలామంది నిట్టనిలువు కొండలే ప్రమాదమనుకుంటారు. నిజానికి మరీ నిలువుగా ఉన్న చోట మంచు పేరుకోదు, ఎప్పటికప్పుడు రాలిపోతుంది. చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో.

30 డిగ్రీలంటే ఎంతో ఊహించడానికి మీ ఇంటి మెట్లు చూడండి. డాబా మీదికి వెళ్లే మామూలు మెట్ల వరస 30 నుంచి 35 డిగ్రీల మధ్యే ఉంటుంది. అంటే ఇంటి మెట్లంత వాలు ఉన్న మంచు కొండ చరియకు చాలు. పిల్లల జామెట్రీ బాక్సులోని 30-60 మూలమట్టం తీసి చూసినా సరిపోతుంది.

స్మార్ట్‌ఫోన్‌తోనూ కొలవొచ్చు. వాలును కొలిచే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. వాలుకు పక్కగా, దూరంగా, సురక్షితమైన చోట నిలబడి ఫోన్ అంచును ఆ వాలు గీతతో కలిపి చూడాలి. కొలవడానికని వాలు మీదికే వెళ్లకూడదు.

మీరు నిలబడ్డ చోటు చదునుగా ఉన్నంత మాత్రాన సరిపోదు. పైన ఏముందో చూడాలి. పైనుంచి విరిగిన మంచు లోయ చదును మీదికి కూడా చాలా దూరం పాకుతుంది. చుట్టూ దట్టంగా చెట్లుండి మధ్యలో ఒక చార మేర చెట్లే లేకపోయినా, ఉన్నవన్నీ కిందివైపు వంగి ఉన్నా, అది చరియ ఏటా వచ్చిపోయే దారి కావచ్చు. ఇరుకైన లోయ, వాగు గుంత లాంటి చోట కొద్ది మంచే పడినా లోతుగా పేరుకుంటుంది.

హెచ్చరిక ఎవరు ఇస్తారు?

ఇక్కడ రెండు సంస్థలున్నాయి. రెండింటి పనీ వేరు.

మొదటిది భారత వాతావరణ శాఖ. మంచు ఎప్పుడు, ఎంత కురుస్తుందో చెబుతుంది. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులు మనకు వానల వల్ల పరిచయమే.

రెండోది డీజీఆర్‌ఈ. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓలో భాగం, చండీగఢ్ కేంద్రంగా పనిచేస్తుంది. సైనికుల కోసం మంచును అధ్యయనం చేయడానికి మనాలిలో మొదలైన ‘సాసే’ అనే సంస్థను 2020లో మరో ప్రయోగశాలతో కలిపి డీజీఆర్‌ఈగా మార్చారు. కురిసిన మంచు కొండ మీద నిలుస్తుందా, విరుగుతుందా అన్నది చెప్పేది ఈ సంస్థే. జమ్ముకశ్మీర్, లడఖ్, హిమాచల్, ఉత్తరాఖండ్, సిక్కిం ప్రాంతాలకు దీని హెచ్చరికలు వెళ్తాయి. ఆయా రాష్ట్రాల, కేంద్రపాలిత ప్రాంతాల విపత్తు నిర్వహణ సంస్థలు వాటిని ప్రజలకు ప్రకటిస్తాయి.

ఫోన్‌లో చూడాలంటే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి ‘సచేత్’ యాప్ ఉంది. వాతావరణ శాఖ, డీజీఆర్‌ఈ వంటి సంస్థల హెచ్చరికలన్నీ అందులో ఒకేచోట కనిపిస్తాయి. ఒక విషయం గుర్తుంచుకోండి. విపత్తు ఎస్‌ఎంఎస్‌లు ప్రమాదం ఉన్న ప్రాంతంలోని ఫోన్లకే వెళ్తాయి. చమోలీ హెచ్చరిక మిర్యాలగూడలో ఉన్న మీ ఫోన్‌కు తనంతట తాను రాదు. బయల్దేరే ముందే మీరు వెళ్లి చూసుకోవాలి.

బులెటిన్‌ను ఎలా చదవాలి?

నాలుగు విషయాలు వెతకండి.

ఏ జిల్లా? రాష్ట్రం పేరు కాదు, జిల్లా పేరు చూడాలి. కేదార్‌కంఠ ఉత్తరకాశీలో ఉంది, ఔలీ చమోలీలో, గుల్మార్గ్ బారాముల్లాలో, సోన్‌మార్గ్ గాందర్‌బల్‌లో, సిస్సు లాహౌల్-స్పితిలో. మీ టూర్ కాగితంలో ఊరి పేరే ఉంటుంది. అది ఏ జిల్లాలో ఉందో ముందే రాసి పెట్టుకోండి.

ఏ ఎత్తుకు పైన? ‘2,400 మీటర్లకు పైన’ అని ఉంటే మనాలి పట్టణం, సుమారు 2,050 మీటర్లు, దాని కిందే ఉంటుంది. కానీ అక్కడి నుంచి అటల్ టన్నెల్ వైపు వెళ్తే ఆ ఎత్తు దాటేస్తారు. గుల్మార్గ్ దాదాపు 2,650 మీటర్లు, అంటే దిగీ దిగగానే దాటేసినట్టే. సముద్ర మట్టానికి 200 మీటర్లు కూడా లేని ఊళ్ల నుంచి వెళ్తున్న మనకు ఈ అంకెలు అలవాటు లేనివి. హోటల్ ఎత్తు, చూడబోయే చోటు ఎత్తు రెండూ చూసుకోవాలి.

ఎప్పటి వరకు? సాధారణంగా 24 గంటలకే ఇస్తారు. నిన్నటి బులెటిన్ ఇవాళ్టికి పనికిరాదు. కొండల్లో ఉన్నన్ని రోజులూ రోజూ చూడాలి.

ఏ స్థాయి? ప్రపంచమంతటా వాడే స్కేలులో ఐదు మెట్లున్నాయి. మన బులెటిన్లలో ఒక్కోసారి అంకె ఉంటుంది, ఒక్కోసారి లో, మీడియం, హై వంటి మాటలు ఉంటాయి. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. ఐదులో మూడు అంటే పరీక్షలో సగటు మార్కులా వినిపిస్తుంది. ‘మధ్యస్థమే కదా’ అని బయల్దేరతారు. కానీ మెట్టు మెట్టుకూ ప్రమాదం ఒక్కింత పెరగదు, రెట్లలో పెరుగుతుంది. ఆల్ప్స్ దేశాల్లో, ఉత్తర అమెరికాలో మరణాలు ఎక్కువగా నమోదయ్యేది మూడో మెట్టు ఉన్న రోజుల్లోనే. నాలుగు, ఐదు ఉన్న రోజుల్లో జనం భయపడి కొండెక్కరు. మూడు ఉన్న రోజున ఎక్కుతారు.

ఎండ కాస్తే ప్రమాదం తప్పినట్టేనా?

కాదు. దీన్ని కోదాడ వాళ్లకు ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. 2024 ఆగస్టు 31 రాత్రి నుంచి కురిసిన వానకు కోదాడలో కార్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. వాన తగ్గిన తర్వాత కూడా వాగు ఉధృతి తగ్గలేదు. ఎగువన పడిన నీరు దిగి రావడానికి సమయం పడుతుంది.

మంచు కూడా అంతే. రెండు రోజులు విడవకుండా కురిసి, మూడో రోజు నీలాకాశం, ఎండ. టూర్ డ్రైవర్ ‘ఇవాళ క్లియర్’ అంటాడు. రెండు రోజులు గదిలో కూర్చున్న జనమంతా ఒకేసారి బయటికి వస్తారు. కానీ కొత్తగా పడిన బరువు కింది పొర మీద ఇంకా కుదురుకోలేదు. దానికి తోడు ఎండకు పైపొర తడుస్తుంది. తుపాను వెలిసిన మరుసటి 24 నుంచి 48 గంటలు అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన సమయం.

శిక్షణ ఉన్నవాళ్లనూ ఇది వదలదు. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం ద్రౌపదీ కా దండా-2 శిఖరం దగ్గర చరియలో చిక్కుకుంది. 27 మృతదేహాలను వెలికితీశారు. వారిలో శిక్షకులు కూడా ఉన్నారు.

కంటికి కనిపించే, చెవికి వినిపించే గుర్తులు కొన్ని ఉన్నాయి:

- చుట్టుపక్కల వాలుల మీద తాజాగా విరిగిపడిన చరియలు
- నడుస్తుంటే మంచు లోపల ‘ధుప్’ మని కూలిన శబ్దం
- కాలి దగ్గర మొదలై ముందుకు పాకే పగుళ్లు
- ఒక్క రోజులో అడుగు మేర కొత్త మంచు
- శిఖరాల మీద నుంచి గాలికి మంచు పొగలా ఎగరడం. ఆ మంచు అవతలి వాలు మీద పేరుకుంటుంది
- ఒక్కసారిగా వేడి పెరగడం, మంచు మీద వాన పడటం

వీటిలో ఒక్కటి కనిపించినా ఏటవాలు మీదికి, దాని కిందికి వెళ్లకుండా వెనక్కి తిరగడమే సరైన పని. గైడ్ వెళ్దామన్నా మీరు వద్దనొచ్చు.

చిక్కుకుంటే ఎంత సమయం ఉంటుంది?

పదిహేను నిమిషాలు. మంచు కింద కూరుకుపోయినవాళ్లను పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో దాదాపు తొమ్మిది మంది బతుకుతారు. అరగంట దాటితే బతికేది సుమారు మూడింట ఒక వంతే. చంపేది చలి కాదు, ఊపిరాడకపోవడం. ఆగిన మరుక్షణమే చరియ మంచు సిమెంటులా బిగుస్తుంది. చేతులతో తవ్వడం కుదరదు.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున చరియ పడి పదిమంది సైనికులు కూరుకుపోయారు. అప్పటి కర్నూలు జిల్లాకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ వారిలో ఒకరు. ఆరు రోజుల తర్వాత లాన్స్‌నాయక్ హనుమంతప్ప ప్రాణాలతో దొరకడం దేశమంతా గుర్తుపెట్టుకుంది. ఆయన ఉన్న గుడారంలో గాలి నిలిచిన ఖాళీ ఉండటం వల్ల అది సాధ్యమైందని చెబుతారు. ఆయన కూడా ఫిబ్రవరి 11న ఆసుపత్రిలో కన్నుమూశారు. అది అరుదైన ఘటన. దాన్ని చూసి రోజుల తరబడి బతకొచ్చని అనుకోకూడదు.

అందుకే ఇక్కడ 112కు ఫోన్ చేసి ఎదురుచూస్తే సరిపోదు. హెలికాప్టర్ వచ్చేసరికి ఆ పదిహేను నిమిషాలు అయిపోతాయి. కాపాడగలిగేది పక్కన ఉన్న మనిషే. దానికి ప్రతి ఒక్కరి దగ్గర మూడు వస్తువులు ఉండాలి. సిగ్నల్ పంపే, పట్టుకునే ట్రాన్సీవర్, మంచులో గుచ్చి వెతికే మడత కడ్డీ, లోహపు పార. ఒకరి దగ్గర మూడూ ఉండి మిగతావాళ్ల దగ్గర లేకపోతే, కూరుకుపోయింది ఆ ఒక్కరే అయినప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు.

ఈ వస్తువులు లేని మామూలు పర్యాటకులకు దారి ఒక్కటే, ఏటవాలు జోలికి వెళ్లకపోవడం. అయినా చిక్కుకుంటే గట్టిగా అరవండి, పక్కకు తప్పుకోవడానికి పెనుగులాడండి. మంచు నెమ్మదిస్తుండగా చేయి ముఖానికి అడ్డం పెట్టి నోటి ముందు కాస్త ఖాళీ ఉండేలా చూసుకోండి. బయట ఉన్నవాళ్లు ఆ మనిషి చివరిసారి కనిపించిన చోటు నుంచి కన్ను తిప్పకూడదు. అక్కడి నుంచి కిందివైపు చేతి తొడుగు, టోపీ, బ్యాగు ఏది కనిపించినా అక్కడే వెతకడం మొదలుపెట్టాలి. ఒకరు ఫోన్ చేస్తుంటే మిగతావాళ్లు వెతకాలి.

చరియ ఒక్కటేనా?

సాధారణ పర్యాటకులకు చరియ కంటే తరచుగా ఎదురయ్యే ప్రమాదాలు ఇంకా ఉన్నాయి.

ఎత్తు: 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వాంతులు, నిద్రపట్టకపోవడం ఎత్తు జబ్బు లక్షణాలు. 3,000 మీటర్లకు పైన రోజుకు 500 మీటర్లకు మించి పైకెళ్లి పడుకోకూడదు. లేహ్ సుమారు 3,500 మీటర్లు. విమానం దిగాక రెండు రోజులు ఎటూ తిరగకుండా ఉండాలి. మాట తడబడినా, నడక తూలినా, కూర్చున్నప్పుడే ఆయాసం వచ్చినా వెంటనే కిందికి దించాలి, తెల్లారేదాకా ఆగొద్దు.

కుంపటి: తలుపులు, కిటికీలు మూసిన గదిలో బొగ్గుల కుంపటి, గ్యాస్ హీటర్ పెట్టుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

కారు: 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని మర్రీ దగ్గర మంచులో ఆగిపోయిన కార్లలో 20 మందికి పైగా చనిపోయారు. సైలెన్సర్ గొట్టాన్ని మంచు మూసేస్తే పొగ కారులోకే వస్తుంది. మంచులో చిక్కుకుంటే ఇంజిన్ ఆపకుండా ఉంచొద్దు. అప్పుడప్పుడు నడపాలన్నా ముందు ఆ గొట్టం చుట్టూ మంచు తీయాలి, ఒక అద్దం కొద్దిగా దించాలి.

గడ్డకట్టిన చెరువు: 2022 డిసెంబరు 26న అమెరికాలోని ఆరిజోనాలో వుడ్స్ కాన్యన్ సరస్సు మీద నడుస్తూ మంచు పగిలి ముగ్గురు తెలుగువాళ్లు చనిపోయారు. మనిషి నడవాలంటే పారదర్శకంగా ఉండే గట్టి మంచు కనీసం నాలుగు అంగుళాలు ఉండాలంటారు. తెల్లగా ఉన్న మంచు అంత బలంగా ఉండదు. పైనుంచి చూసి మందం చెప్పలేం కాబట్టి, స్థానిక అధికారులు అనుమతించని చెరువు మీద అడుగు పెట్టకపోవడమే మేలు.

అక్కడ మన ఫోన్ పనిచేస్తుందా?

జమ్ముకశ్మీర్, లడఖ్‌లలో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ ఉండాలి. కుటుంబంలో ఒక్కరిదైనా పోస్ట్‌పెయిడ్ ఉందో లేదో బయల్దేరే ముందు చూసుకోండి.

విదేశీ వీడియోల్లో ట్రెక్కర్లు శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ మెసేజ్ పరికరాలు వాడుతుంటారు. మన దేశంలో అనుమతి లేకుండా వాటిని దగ్గర ఉంచుకోవడం నేరం. అమెరికా నుంచి వచ్చే బంధువులు అలాంటివి తెస్తే అరెస్టు దాకా పోవచ్చు, ముందే చెప్పండి.

అత్యవసరానికి 112. విపత్తు కంట్రోల్ రూమ్‌లకు రాష్ట్ర స్థాయిలో 1070, జిల్లా స్థాయిలో 1077. ఈ రెండూ మీరు ఉన్న చోటి నుంచి చేస్తే అక్కడి కంట్రోల్ రూమ్‌కే వెళ్తాయి. సూర్యాపేట నుంచి 1077 కొడితే ఉత్తరకాశీ పలకదు. అందుకే వెళ్లే జిల్లా కంట్రోల్ రూమ్ నంబరును ఎస్‌టీడీ కోడ్‌తో సహా ముందే ఆ జిల్లా వెబ్‌సైట్ నుంచి రాసుకోవాలి.

డబ్బు కట్టే ముందు ట్రెక్ ఆపరేటర్‌ను ఏం అడగాలి?

- ఆ రాష్ట్ర పర్యాటక శాఖ దగ్గర మీకు రిజిస్ట్రేషన్ ఉందా, నంబరు ఎంత?
- గైడ్ ఏ సంస్థలో శిక్షణ పొందారు? ఉత్తరకాశీ, మనాలి, డార్జిలింగ్, పహల్గామ్‌లలో ప్రభుత్వ పర్వతారోహణ సంస్థలున్నాయి
- డీజీఆర్‌ఈ బులెటిన్ రోజూ ఎవరు చూస్తారు, ఏ స్థాయి ఉంటే ఆపేస్తారు?
- దారిలో ఏటవాలు కింద నడిచే చోట్లు ఎన్ని, అక్కడ ఒక్కొక్కరినే పంపుతారా?
- చివరి రోజు శిఖరం ఎక్కకుండా వెనక్కి తిరిగితే డబ్బు సంగతేమిటి?
- ఆక్సిజన్, స్ట్రెచర్, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం?

ఐదో ప్రశ్న మొహమాటం లేకుండా అడగండి. డబ్బు పోతుందన్న బాధతోనే చాలామంది తిరగాల్సిన చోట తిరగరు. ఇన్సూరెన్స్ పాలసీలో ట్రెక్కింగ్ ఉందా, ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో కూడా చదవండి.

కొండలెక్కాలన్న ఆసక్తి ఉంటే వద్దనడం మా ఉద్దేశం కాదు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని భువనగిరి గుట్ట మీదే. అదే ఏడాది ఏప్రిల్ 18న ఎవరెస్ట్ నేపాల్ వైపు చరియ పడి 16 మంది నేపాలీ పర్వత కార్మికులు చనిపోయారు. మన పిల్లలు టిబెట్ వైపు నుంచి ఎక్కారు. నేర్చుకుని వెళ్లాలి, ఏ దారిలో వెళ్లాలో చూసుకుని వెళ్లాలి.

అమెరికాలో ఉన్న పిల్లలకు ఏం చెప్పాలి?

సియాటెల్, డెన్వర్, సాల్ట్‌లేక్ సిటీ వైపు ఉన్నవాళ్లకు వారాంతంలో మంచు కొండలు గంట, రెండు గంటల దూరమే. అక్కడ ప్రాంతానికో చరియల కేంద్రం రోజువారీ బులెటిన్ ఇస్తుంది. అవన్నీ ‘అవలాంచ్ డాట్ ఆర్గ్’ వెబ్‌సైట్‌లో మ్యాపు మీద రంగులతో కనిపిస్తాయి. స్కీ రిసార్టు హద్దుల లోపల సిబ్బంది ముందుగానే పేలుడు పదార్థాలతో చరియలను దించేస్తారు. తాడు దాటి బయట అడుగు పెడితే ఆ రక్షణ ఉండదు. ‘రిసార్టు పక్కనే కదా’ అన్నది అక్కడ పనికిరాని ధీమా.

ఇంట్లో వదిలి వెళ్లాల్సిన కాగితం

చివరిగా ఒక చిన్న పని. బయల్దేరే ముందు ఒక కాగితం మీద ఇవి రాసి ఇంట్లో పెద్దవాళ్లకు ఇవ్వండి, ఫొటో తీసి వాట్సాప్‌లో కూడా పంపండి: ఏ రోజు ఏ ఊరు, ఏ జిల్లా, ఎవరెవరు వెళ్తున్నారు, ఆపరేటర్, డ్రైవర్, హోటల్ నంబర్లు, ఆ జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు, రోజూ ఏ సమయానికి ఫోన్ చేస్తారు, ఆ సమయం దాటి ఎన్ని గంటలు ఆగి కంట్రోల్ రూమ్‌కు చెప్పాలి.

టీవీలో ‘ఉత్తరాఖండ్‌లో హిమపాతం’ అని స్క్రోలింగ్ వచ్చినప్పుడు, అది కురిసిన మంచా, విరిగిన చరియా, మీరు ఆ జిల్లాలో ఉన్నారా లేదా అన్నది కోదాడలో ఉన్న మీ అమ్మకు ఆ కాగితమే చెబుతుంది.